అందరూ సరే అన్నారు కాబట్టి మనమూ సరే అంటామా? గుంపు ఆలోచన నుంచి నిర్ణయాన్ని కాపాడుకునే పద్ధతి

మీటింగ్ గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం. పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కస్టమర్ల వివరాలన్నీ కొత్తదాంట్లోకి మార్చాలి. "నెలాఖరుకి మార్చేద్దాం, ఏమంటారు?" అన్నారు సర్. పక్కనే కూర్చున్న సీనియర్ వెంటనే "చేసేద్దాం సర్" అన్నాడు. రెండో ఆయన తలూపాడు. మూడో ఆవిడ "మా వైపు నుంచి ఇబ్బందేమీ లేదు" అంది. నాలుగో అతను ఫోన్ చూసుకుంటూనే బొటనవేలు పైకెత్తాడు. ఐదో వంతు నాది.

పాత డేటాలో ఒకే మనిషి రెండు మూడు పేర్లతో నమోదై ఉన్న సంగతి నాకు తెలుసు. వారం క్రితమే కళ్లారా చూశాను. మాట నోటి దాకా వచ్చింది. కానీ అప్పటికే నలుగురు సరే అనేశారు. నాకు తెలియనిదేదో వాళ్లకు తెలిసే ఉంటుందిలే అనిపించింది. "ఓకే సర్" అన్నాను.

తర్వాత మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని తప్పులు దిద్దుకున్నాం. ఒకరోజు లిఫ్ట్ కోసం నిలబడి మాట్లాడుకుంటుంటే బయటపడింది. నాతో పాటు ఇంకో నలుగురికి ముందునుంచీ అదే అనుమానం ఉందట. అందరికంటే ముందు "చేసేద్దాం సర్" అన్న సీనియర్‌కి కూడా!

ఆ రోజు నాకు ధైర్యం చాలలేదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఆ గదిలో మాటలు నడిచిన వరుస అలాంటిది. అదే వరుసలో ఇంకో ఎనిమిది మందిని కూర్చోబెట్టినా దాదాపు అదే జరిగేది. మనుషుల్ని ధైర్యవంతులుగా మార్చడం మన చేతిలో లేని పని. వరుస మార్చడం మాత్రం పది నిమిషాల పని. ఈ వ్యాసమంతా ఆ పని గురించే.

ముందు జబ్బు ఏమిటో చూద్దాం

మన భాషలో ఈ జబ్బుకి ఎప్పటినుంచో పేర్లున్నాయి. నలుగురితో నారాయణ, గుంపుతో గోవింద. తాన అంటే తందాన. గొర్రెదాటు. ఎవరైనా వేరే మాటంటే వాళ్లకీ ఓ సామెత సిద్ధంగా ఉంటుంది: ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చివరికి మౌనాన్ని కూడా అర్ధాంగీకారం కిందే లెక్కేస్తాం. మీటింగుల్లో అయితే పూర్తి అంగీకారం కింద రాసేస్తాం.

ఇంగ్లిష్‌లో 'గ్రూప్‌థింక్' అన్న మాటను 1952లో విలియం వైట్ అనే పాత్రికేయుడు వాడాడు. దాన్ని సిద్ధాంతంగా మలిచి ప్రచారంలోకి తెచ్చింది ఇర్వింగ్ జానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 1972లో. ఆయన్ని తొలిచిన ప్రశ్న ఒకటే. అంత తెలివైనవాళ్లు ఒకచోట కూర్చుని అంత తెలివితక్కువ నిర్ణయం ఎలా తీసుకున్నారు?

ఆ నిర్ణయం పేరు బే ఆఫ్ పిగ్స్. 1961 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం తాను శిక్షణ ఇచ్చిన దాదాపు 1,400 మంది క్యూబా ప్రవాసుల్ని క్యాస్ట్రో ప్రభుత్వం మీదికి పంపింది. మూడు రోజులు తిరక్కుండానే అంతా అయిపోయింది. 1,100 మందికి పైగా పట్టుబడ్డారు. అధ్యక్షుడు కెనెడీ చుట్టూ ఉన్నవాళ్లెవరూ సామాన్యులు కారు. వాళ్లలో ఆర్థర్ ష్లెసింజర్ అనే చరిత్రకారుడు ఈ పథకం వద్దంటూ కెనెడీకి రాతపూర్వకంగా చెప్పాడు. అదే మనిషి అందరూ కూర్చున్న గదిలో మాత్రం నోరు విప్పలేదు. అధ్యక్షుడు నిర్ణయానికి వచ్చేశాడు, ఇక ఒత్తిడి చేయొద్దని ఆయన్ని పక్కకు పిలిచి చెప్పింది అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీయే. కాగితం మీద ఉన్న అభ్యంతరం గదిలోకి వచ్చేసరికి ఆవిరైపోయింది.

ఇది పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకే పట్టే జబ్బు అనుకోకండి. 1950ల్లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం చూడండి. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. కాకపోతే గదిలో ఒక్కరే అసలు అభ్యర్థి, మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు చెప్పే మనుషులు. అభ్యర్థి వంతు చివర్లో వచ్చేలా కూర్చోబెట్టారు. వాళ్లు కావాలని తప్పు చెప్పిన సందర్భాల్లో సుమారు మూడోవంతు సార్లు అభ్యర్థులు కూడా ఆ తప్పునే చెప్పారు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో పోయారు. ఎదురుగా కనబడుతున్న గీత విషయంలోనే ఇంత జరిగితే, మంచీచెడూ కళ్లకు కనబడని బడ్జెట్టో పెళ్లి సంబంధమో అయితే చెప్పేదేముంది?

ఈ ప్రయోగంలో జనం తరచుగా వదిలేసే సంగతులు రెండున్నాయి, నాకు మాత్రం అవే ముఖ్యం. గుంపులో ఒక్కరు సరైన జవాబు చెప్తే చాలు, అభ్యర్థి లొంగిపోవడం ముందున్నదాంట్లో నాలుగోవంతుకి పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడు కూడా బాగా తగ్గింది. కింద చెప్పబోయే మెట్లలో సగం ఈ రెండింటి నుంచి వచ్చినవే.

ఇక రెండో వైపు, మన సొంత మైండ్‌సెట్. దీనికీ సామెత ఉంది: తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. 1979లో స్టాన్‌ఫర్డ్‌లో 48 మంది విద్యార్థులకు మరణశిక్ష గురించిన రెండు అధ్యయనాలు ఇచ్చారు. ఒకటి మరణశిక్ష నేరాల్ని తగ్గిస్తుందనేది, ఇంకోటి తగ్గించదనేది. సగం మంది శిక్షను సమర్థించేవాళ్లు, సగం మంది వ్యతిరేకించేవాళ్లు. రెండూ చదివాక ఇరువర్గాలూ కాస్త దగ్గరికి రావాలి కదా? రాలేదు సరికదా, ఎవరి అభిప్రాయంలో వాళ్లు ఇంకా గట్టిపడ్డామని చెప్పారు. తమకు నచ్చిన అధ్యయనాన్ని పకడ్బందీగా ఉందన్నారు, నచ్చనిదాంట్లో బొక్కలు వెతికారు.

గుంపు ఒత్తిడి, సొంత పట్టు ఒకదానికొకటి విరుద్ధమైనవని అనిపిస్తుంది, ఒకటి మనల్ని వంచేది, ఇంకోటి వంగనివ్వనిది అని. నిజానికి రెండూ చేతులు కలుపుతాయి. గదిలో అధికారం ఉన్న ఒక్కరి కుందేలుకి మూడే కాళ్లుంటే, మిగతా ఏడుగురూ మూడే కదా అని తలూపుతారు. వాళ్లు తలూపడం చూసి ఆ ఒక్కరికీ తన లెక్క మీద నమ్మకం పెరుగుతుంది.

అందరూ ఒప్పుకున్న ప్రతిదాన్నీ గ్రూప్‌థింక్ అనేయడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. అది తప్పు. విడివిడిగా ఆలోచించి అందరూ ఒకే చోటికి చేరితే అంతకన్నా మంచిదేముంది? విడిగా ఆలోచించారా లేదా అన్నదే చూడాలి.

మెట్టు 1: ఏ నిర్ణయానికి ఇంత హంగామా కావాలో తేల్చుకోండి

రేపు మీటింగ్ పదింటికా పదకొండింటికా అన్నదానికి ఇవేమీ అక్కర్లేదు. వెనక్కి తీసుకోలేనివి, లేదా వెనక్కి తీసుకోవాలంటే బాగా ఖర్చయ్యేవి, ఈ రెండు రకాలకే వాడండి. చిన్న విషయాల్లోనూ ఇదే తతంగం పెడితే వారం తిరక్కుండా జనం విసుగెత్తి వదిలేస్తారు. అసలు అవసరమైన రోజున ఎవరూ సీరియస్‌గా తీసుకోరు.

మెట్టు 2: నోరు విప్పకముందే రాయించండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి.

1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక లెక్క ప్రచురించాడు. ఒక పశువుల ప్రదర్శనలో ఎద్దును చూపించి, కోశాక దాని మాంసం ఎంత బరువు తూగుతుందో చీటీ మీద రాయమని పోటీ పెట్టారు. చదవడానికి వీలైన 787 చీటీలు గాల్టన్ చేతికి వచ్చాయి. అన్నింటినీ వరుసలో పేర్చి నడిమి అంకె చూస్తే 1,207 పౌండ్లు. అసలు బరువు 1,198. ఒక శాతం తేడా కూడా లేదు. గుంపు తెలివైనదనడానికి అందరూ ఈ ఉదాహరణే చెప్తారు. కానీ అక్కడ ఎవరి చీటీ వాళ్లే రాసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు మైకులో చెప్పి ఉంటే, మొదటి పెద్దమనిషి "వెయ్యి" అన్న మరుక్షణం మిగతా అంకెలన్నీ వెయ్యి చుట్టూ మూగేవి.

చేయాల్సింది ఇది. విషయం అందరికీ వివరించాక, చర్చ మొదలు పెట్టకముందు, అయిదు నిమిషాలు ఇవ్వండి. ప్రతి ఒక్కరూ మూడు సంగతులు రాయాలి. తన జవాబు. దానికి ఒక్క ముఖ్య కారణం. తనకు ఎంత నమ్మకం ఉందో వందకు ఇన్ని అని. మూడోది తప్పనిసరి. "చేద్దాం, 55" అన్నవాడికీ "చేద్దాం, 95" అన్నవాడికీ మధ్య చాలా దూరం ఉంది. పైకి చెప్పమంటే ఇద్దరూ "చేద్దాం" అనే అంటారు. మా మీటింగ్‌లో ఆ రోజు అంకెలు రాయించి ఉంటే ఎనిమిది కాగితాల్లో అయిదింటి మీద అరవై దాటేది కాదని నా అంచనా.

పేర్లు రాయించాలా వద్దా? పైవాళ్లంటే భయం ఉన్నచోట వద్దు. చేతిరాత గుర్తుపడతారన్న అనుమానం ఉంటే ఫోన్ నుంచి ఎవరిదో తెలియకుండా పంపే ఏర్పాటు చేయండి. నమ్మకం ఉన్న చిన్న బృందాల్లో పేర్లుంటేనే మేలు, తర్వాత వాళ్లనే అడిగి కారణం తెలుసుకోవచ్చు. కాగితాలన్నీ ఒకేసారి తిప్పాలి. ఒక్కొక్కటే చదువుతూ మధ్యలో వ్యాఖ్యానిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

చాట్ గ్రూపుల్లో నడిచే నిర్ణయాలకు ఇది ఇంకా అవసరం. "అందరికీ ఓకేనా?" అన్న మెసేజ్ కింద వరసగా బొటనవేళ్లు పడుతుంటే, ఆరో మనిషి మెసేజ్ చదివాడని కూడా చెప్పలేం. అభిప్రాయాలు ఒక్కరికే విడిగా పంపమనండి. ఆ ఒక్కరు అన్నీ కలిపి ఒకేసారి గ్రూపులో పెట్టాలి.

మెట్టు 3: పెద్దవాళ్లు చివర్లో మాట్లాడాలి

ప్రాచీన యూదు న్యాయసభల్లో మరణశిక్ష పడే కేసుల విచారణలో చిన్నవాళ్లతో మొదలుపెట్టి పెద్దవాళ్ల దాకా అభిప్రాయం అడగాలన్న నియమం ఉండేది. పెద్దాయన ముందు తీర్పు చెప్పేస్తే కుర్రాళ్లు కాదనలేరని వాళ్లకు అప్పుడే తెలుసు.

మీరే ఆ పెద్దవాళ్లయితే ఆపుకోవాల్సింది నాలుక ఒక్కదాన్నే కాదు, ముఖాన్ని కూడా. ఒకరు చెప్తున్నప్పుడు మీ పెన్ను ఆగిందా, ఇంకొకరు చెప్తున్నప్పుడు గడియారం చూశారా అన్నది మీ కింద పనిచేసేవాళ్లు మీకన్నా బాగా కనిపెడతారు. ప్రశ్నను అడిగే తీరులోనే జవాబు దొర్లిపోతుంది కూడా. "నెలాఖరుకి మార్చేద్దాం, ఏమంటారు?" అనేది అసలు ప్రశ్నే కాదు. "ఎప్పుడు మారిస్తే మంచిది, ఎందుకు?" అన్నది ప్రశ్న.

కుదిరితే అసలు గదిలోనే ఉండకండి. కెనెడీ ఈ పని చేసి చూపించాడు. 1962 అక్టోబర్‌లో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడినప్పుడు ఆయన చుట్టూ కూర్చున్నవాళ్లలో చాలామంది ఏడాదిన్నర క్రితం బే ఆఫ్ పిగ్స్‌కి తలూపినవాళ్లే. ఈసారి కొన్ని సమావేశాలకు ఆయన కావాలనే దూరంగా ఉన్నాడు. సలహాదారుల్ని రెండు జట్లుగా చేసి ఒక జట్టుతో బాంబు దాడికి, ఇంకో జట్టుతో సముద్ర దిగ్బంధానికి పథకాలు రాయించారు. తర్వాత ఒకరి కాగితాలు ఇంకొకరికిచ్చి తప్పులు పట్టమన్నారు. మొదటిరోజు గదిలో గాలి బాంబు దాడి వైపే వీచింది. వారం తిరిగేసరికి దిగ్బంధం తేలింది. పదమూడు రోజుల్లో అణుయుద్ధం గండం గడిచింది. ముఖాలు దాదాపు అవే, కూర్చోబెట్టిన తీరు వేరు. ఈ వ్యాసానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

మెట్టు 4: ఒక్కరికే తెలిసినదాన్ని బయటికి లాగండి

గుంపులో అందరికీ తెలిసిన విషయమే మళ్లీ మళ్లీ చర్చకు వస్తుంది. ఒక్కరికే తెలిసిన విషయం ఒకసారి వచ్చి జారిపోతుంది, లేదా అసలు రాదు. 1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూపించారు. ఒక పదవికి సరైన అభ్యర్థిని ఎంచుకోవడానికి కావాల్సిన వివరాలన్నీ బృందంలో ఉన్నాయి, కాకపోతే తలా కొంచెం. అందరూ కలబోసుకుంటే జవాబు దొరుకుతుంది. ఎక్కువ బృందాలు కలబోసుకోలేదు. అందరి చేతుల్లో ఉన్న కాగితం గురించే మాట్లాడుకుని తప్పు మనిషిని ఎంచుకున్నాయి.

"ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?" అని అడిగితే ఎవరూ చెప్పరు. "ఈ గదిలో మిగతావాళ్లకు తెలియనిది, మీకు మాత్రమే తెలిసినది ఒకటి చెప్పండి" అని ఒక్కొక్కరినీ పేరుతో అడగండి. మొదటిసారి ఇబ్బందిగా నవ్వుతారు. రెండో మీటింగ్‌కి సిద్ధమై వస్తారు.

ఎదురుగా ఉన్న కాగితంలో ఏం లేదో కూడా అడగాలి. ఛాలెంజర్ కథ చాలామందికి తెలుసు. 1986 జనవరి 28న పైకెగిరిన 73 సెకన్లకే ఆ అంతరిక్ష నౌక ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. ముందురోజు రాత్రి రాకెట్ తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు ఫోన్ మీటింగ్‌లో వద్దన్నారు. చలికి రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు రింగులు బిగుసుకుపోయి పట్టు ఇవ్వకపోవచ్చని వాళ్ల భయం. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో వద్దన్నారు. ప్రయోగం జరిగింది 2 డిగ్రీల దగ్గర. నాసా వైపు నుంచి గట్టి అసంతృప్తి వ్యక్తమయ్యాక, కంపెనీవాళ్లు ఫోన్ పక్కన పెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. అక్కడ ఇంజినీరింగ్ విభాగం పెద్దని, ఆ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నారు. చివరి ఓటింగ్‌లో నలుగురు మేనేజర్లే ఉన్నారు. వద్దన్న ఇంజినీర్లను లెక్కలోకే తీసుకోలేదు.

ఆ రాత్రికి సంబంధించి ఇంకో సంగతి విచారణలో తేలింది. రింగులు పాడైన ప్రయోగాల్నే చూస్తే చలికీ నష్టానికీ సంబంధం అంత స్పష్టంగా కనబడదు. పాడుకాని ప్రయోగాల్ని కూడా వాటితో చేర్చి చూస్తే కనబడుతుంది, అవి దాదాపు అన్నీ వెచ్చటి రోజులవి. ఆ రెండో సగం ఆ రాత్రి ఎవరి ముందూ లేదు. కాబట్టి ఏ పట్టిక మీ ముందుకొచ్చినా "ఇందులో చేర్చనివి ఏవి?" అని అడగడం అలవాటు చేసుకోండి. ఎగతాళి చేసినా సరే.

మెట్టు 5: కాదనేవాళ్లను నియమించండి, కానీ అంతటితో సరిపెట్టుకోకండి

డెవిల్స్ అడ్వకేట్ అన్న మాట క్యాథలిక్ చర్చి నుంచి వచ్చింది. ఎవరినైనా సెయింట్‌గా ప్రకటించే ముందు వారి పవిత్రతను ప్రశ్నించడానికి ఒక అధికారి ఉండేవాడు. 1587లో ఆ పదవిని అధికారికం చేశారు, 1983లో దాని అధికారాల్ని బాగా తగ్గించారు.

మీటింగుల్లో ఈ పాత్ర ఒకరికి అప్పగించడం ఏమీ లేనిదానికన్నా నయం. కానీ నాటకం నాటకమే. "డ్యూటీ ప్రకారం కాదంటున్నాడులే" అని అందరూ నవ్వేసి, వ్యతిరేకత కూడా విన్నామన్న తృప్తితో ముందే అనుకున్నది చేసేస్తారు. నిజంగా ఒప్పుకోని మనిషి మాటకే మిగతావాళ్ల బుర్రల్ని కదిలించే శక్తి ఎక్కువని షార్లన్ నెమెత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో తేలింది. అందుకని మెట్టు 2లో వచ్చిన కాగితాల్లో అందరికన్నా తేడాగా ఉన్నది తీయండి. అది రాసిన మనిషికి పది నిమిషాలు ఇవ్వండి, మధ్యలో ఎవరూ అడ్డు తగలకూడదు. తర్వాత ఒప్పుకున్నవాళ్లలో ఒకరు లేచి, ఆ వాదనను తమ మాటల్లో తిరిగి చెప్పాలి, "అవును, నేనన్నది అదే" అని అవతలి మనిషి అనేదాకా.

మెట్టు 6: చావకముందే పోస్ట్‌మార్టం

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని ప్రీ-మార్టమ్ అంటారు. నిర్ణయం దాదాపు ఖాయమైందనుకున్నాక, అమలు చేయకముందు, అందరితో ఇలా చెప్పండి: "ఏడాది గడిచింది. మనం అనుకున్నది చేశాం. ఘోరంగా దెబ్బతిన్నాం. ఎందుకో రాయండి."

"ఫెయిలయ్యే అవకాశం ఉందా?" అని అడిగితే అది పథకం మీద అనుమానంలా ఉంటుంది, జవాబు చెప్పేవాడు ఉలిపికట్టె అవుతాడు. "ఫెయిలయింది, కారణం చెప్పు" అంటే తెలివి చూపించుకునే పోటీ అవుతుంది. ఇంతసేపూ మూసుకున్న నోళ్లే గబగబా తెరుచుకుంటాయి. వచ్చిన కారణాల్లో ఎక్కువమంది రాసినవి రెండు, ఒక్కరే రాసినా విన్నవాళ్లకు గుండె జారినది ఒకటి, ఈ మూడింటికీ మందు కనిపెట్టాకే ముందుకెళ్లండి. మిగతావి దాచుకోండి చాలు.

మెట్టు 7: మీ కుందేలు కాళ్లు మీరే లెక్కపెట్టండి

ఇప్పటిదాకా చెప్పినవి నలుగురితో చేసేవి. ఇది ఒంటరిగా చేయాల్సింది, అందుకే కష్టం.

పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ఒక చిన్న పజిల్ ఇచ్చాడు. 2, 4, 6 అన్న అంకెలు ఒక నియమం ప్రకారం ఉన్నాయి, అదేమిటో కనిపెట్టాలి. మీకు నచ్చిన మూడు అంకెలు చెప్తే నియమానికి సరిపోతాయో లేదో చెప్తారు. చాలామంది 8, 10, 12 అన్నారు, సరిపోయింది. 20, 22, 24 అన్నారు, సరిపోయింది. "రెండేసి పెరిగే సరిసంఖ్యలు" అని ప్రకటించేశారు. తప్పు. నియమం 'ఒకదానికన్నా ఒకటి పెద్ద అంకె' అంతే. 1, 2, 3 అనో 5, 9, 70 అనో ఒక్కసారి అడిగి ఉంటే తమ ఊహ చెదిరేది. తమ ఊహను చెడగొట్టే ప్రశ్న అడగాలని వాళ్లకు తోచలేదు.

నేను వాడే ప్రశ్న ఇది: "ఏం తెలిస్తే నేను మనసు మార్చుకుంటాను?" నిర్ణయానికి ముందే రాసి పెట్టుకుంటాను. జవాబు ఏమీ తోచకపోతే అది అభిప్రాయం స్థాయి దాటి మొండిపట్టుగా మారిందని అర్థం. రాసుకున్నాక అది నిజమో కాదో వెతకడానికి ఒక గంట కేటాయించాలి. నన్ను సమర్థించే విషయాలు ఎలాగూ వాటంతట అవే కాళ్ల దగ్గరికి వస్తాయి.

ఇంకో చిట్కా. ఇదే పరిస్థితిలో మీ స్నేహితుడు ఉంటే ఏం సలహా ఇస్తారు? మన డబ్బు, మన శ్రమ పెట్టినచోట మనకు కనబడనిది స్నేహితుడి విషయంలో ఠక్కున కనబడుతుంది. నేను ఏడాదిపాటు పట్టుకు వేలాడిన ఒక పని ఉంది. మానేయమని ఇద్దరు చెప్పారు, వాళ్లకేం తెలుసులే అనుకున్నాను. అదే పనిలో తలమునకలైన ఇంకొకరు నన్ను సలహా అడిగితే, ఆలోచించకుండా "వదిలెయ్ బాబూ" అన్నాను. అన్నాక కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

మెట్టు 8: పిల్లి మెడలో గంట మీరే కట్టాల్సి వస్తే

ఈ మెట్లేవీ పాటించని గదిలో మీరు అయిదో కుర్చీలో ఉన్నారనుకోండి. ఏం చేయాలి?

ముందు ఒక తోడు వెతుక్కోండి. ఆష్ ప్రయోగంలో లొంగిపోవడాన్ని విరిచింది ఒకే ఒక్క తోడు గొంతు. మీటింగ్‌కి ముందు ఇద్దరితో విడిగా మాట్లాడి, "నాకు ఈ అనుమానం ఉంది, మీకూ ఉందా?" అని అడగండి. ఉందని ఒక్కరన్నా గదిలో ఒంటరితనం పోతుంది. దీన్ని కుట్ర అనుకోవద్దు, లిఫ్ట్ దగ్గర ఆలస్యంగా జరిగే సంభాషణను ముందుకు జరపడమే.

తర్వాత, మాటను ప్రశ్నగా మెత్తబరిచి వదిలేయకండి. 1977 మార్చి 27న టెనెరిఫ్ విమానాశ్రయంలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్‌ఎం విమానంలో, అవతలి పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదేమోనని ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ ఖాళీ చేసిందని గట్టిగా చెప్పడంతో ఇంకేమీ అనలేదు. ఆ కెప్టెన్ కంపెనీలో బాగా పేరున్న శిక్షకుడు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే, కిందివాళ్లు పైవాళ్లకు అభ్యంతరం ఎలా చెప్పాలో, పైవాళ్లు దాన్ని ఎలా వినాలో విమానయాన రంగం ప్రత్యేకంగా నేర్పడం మొదలుపెట్టింది.

అక్కడి నుంచి మనం తెచ్చుకోవాల్సింది మెట్లుమెట్లుగా చెప్పే పద్ధతి. మొదట ప్రశ్న: "సర్, పాత డేటా శుభ్రం చేశామా?" జవాబు దాటవేసేలా ఉంటే, చూసినది చెప్పండి: "సర్, పోయిన వారం నేను చూసిన దాంట్లో ఒకే మనిషి మూడు పేర్లతో ఉన్నారు." అప్పటికీ కదలకపోతే ఏం కావాలో అడగండి: "ఒక వంద పేర్లు తీసి చూద్దాం సర్, రేపు సాయంత్రానికి చెప్తాను. అప్పుడు తేదీ ఖాయం చేద్దాం." మూడో వాక్యం ముఖ్యం. "నాకెందుకో సరిగ్గా లేదనిపిస్తోంది" అంటే ఎదుటివాళ్లు ఏం చేయాలో తెలియక చిరాకు పడతారు. రేపు సాయంత్రం అన్నదాన్ని కాదనడం ఎవరికైనా కష్టం.

అన్నీ చేసినా వినకపోవచ్చు. మీ అభ్యంతరాన్ని మీటింగ్ మినిట్స్‌లో రాయమని మర్యాదగా అడగండి. ఆ తర్వాత నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా అమలు చేయండి. ప్రాణాలకో చట్టానికో సంబంధించిన విషయమైతే అక్కడితో ఆగడానికి వీల్లేదు, ఇంకా పైకి వెళ్లాల్సిందే. మిగతావాటిలో ఓడిపోయాక మూతి ముడుచుకుని తిరిగితే, వచ్చేసారి మీరు చెప్పేది ఎవరూ వినరు.

మెట్టు 9: ఒక రాత్రి ఆగి, పుస్తకంలో రాయండి

వీలైతే నిర్ణయానికీ ప్రకటనకూ మధ్య ఒక రాత్రి ఉంచండి. మర్నాడు పది నిమిషాలు కలిసి "రాత్రి ఎవరికైనా కొత్తగా ఏమైనా తోచిందా?" అని అడగండి. గదిలోంచి బయటికి రాగానే గుంపు మత్తు చాలావరకు దిగిపోతుంది.

నిర్ణయాల కోసం ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఒక్కో నిర్ణయానికి అరపేజీ చాలు. తేదీ, ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎంత నమ్మకం, ఎప్పుడు తిరిగి చూడాలి. తిరిగి చూసే రోజును ఫోన్‌లో అలారంగా పెట్టాలి, లేకపోతే చూడరు. ఆ రోజున ఫలితం బాగుందా లేదా అని మాత్రమే చూడకండి. చెడ్డ నిర్ణయాలు అదృష్టం కొద్దీ గట్టెక్కుతుంటాయి, మంచివి కూడా బోల్తా పడుతుంటాయి. 'ఎందుకు' అన్న చోట మీరు రాసిన కారణం నిలిచిందా అన్నది చూడండి.

నా పుస్తకం మొదలై నాలుగేళ్లు దాటింది. మొన్న ఖాళీగా ఉండి వెనక్కి తిప్పుతూ, 'ఎందుకు' అన్న చోట ఏం రాసుకున్నానో వరసగా చూశాను. తొలి ఏడాది పేజీల్లో ఏడుచోట్ల ఒకే మాట ఉంది: "అందరూ ఓకే అన్నారు." ఆ ఏడింటికీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, వాటిలో అసలు కారణం ఏమై ఉంటుందో పక్కన రాద్దామని కూర్చున్నాను. రెండింటికి రాయగలిగాను.